పక్క బెడ్డుకు పనిచేసిన సూదిమందు మన బెడ్డుకు ఎందుకు పనిచేయలేదు? | రక్తంలో యాంటీబయాటిక్ కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు, కోటలు, యుద్ధాలు ఏమీ లేవు. ఒక సెలైన్ బాటిల్ ఉంది, దాంట్లో కలిపిన ఒక యాంటీబయాటిక్ ఉంది. దాని వెనక ఎనభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

నంద్యాలలో గానీ, మా ఆళ్ళగడ్డలో గానీ ఏ ఆసుపత్రి వార్డులో కూర్చున్నా ఒక మాట వినబడుతుంది. "పక్క బెడ్డాయనకూ ఇదే సూది, మా నాయనకూ ఇదే సూది. ఆయన నాలుగు రోజులకు లేచి ఇంటికి పోయినాడు. మా నాయనకు జ్వరమే దిగలేదు. ఏమన్నా కల్తీ మందు వేసినారేమో అప్పా!" కల్తీ మందులు లోకంలో లేవని నేను చెప్పను. కానీ మందు అసలుదే అయినా, డోసు ఒకటే అయినా, ఇద్దరి రక్తంలో చేరే మందు ఒకటిగా ఉండదు. రెండింతలు, మూడింతలు, కొన్నిసార్లు పదింతలు కూడా తేడా వస్తుంది. నేను బీఫార్మసీ చదివినవాణ్ణి, డాక్టరును కాను. కాబట్టి ఇది వైద్య సలహా కాదు, చరిత్ర. అయితే మీ ఇంట్లో ఎవరన్నా బెడ్డు మీద ఉన్నప్పుడు పనికొచ్చే చరిత్ర.

కథ ఇంగ్లండులో మొదలవుతుంది. 1941 ఫిబ్రవరి 12. ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయన ఉన్నాడు. మొహమంతా చీము, ఒక కన్ను అప్పటికే తీసేశారు. గులాబీ ముల్లు గీసుకుని అట్లా అయిందని అందరూ చెబుతారు గానీ, ఆ ముల్లు కథ అంత నమ్మదగ్గది కాదు. ఆయనకు పెన్సిలిన్ రక్తనాళంలోకి ఎక్కించారు. ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం తగ్గింది, అన్నం తినడం మొదలుపెట్టాడు. కానీ ప్రపంచంలో ఉన్న పెన్సిలిన్ అంతా కలిపినా ఒక మనిషికి చాలేంత లేదప్పుడు. మరి ఏం చేశారు? ఆయన మూత్రం పట్టి ల్యాబుకు తీసుకుపోయి, అందులోంచి పెన్సిలిన్ మళ్ళీ బయటికి తీసి, మళ్ళీ ఆయనకే ఎక్కించారు. వినడానికి ఎట్లానో ఉంటుంది గానీ నిజం. చివరికి అదీ అయిపోయింది. మార్చి 15న ఆయన చనిపోయాడు.

అందరూ ఇక్కడ విషాదం చూస్తారు. నాకు మాత్రం ఆ మూత్రం ముఖ్యం. ఎక్కించిన మందులో ఎక్కువ భాగం కొన్ని గంటల్లోనే కిడ్నీల గుండా బయటికి వచ్చేస్తోందని అక్కడే కళ్ళకు కట్టినట్టు కనబడింది. పెన్సిలిన్ రక్తంలో సగానికి పడిపోవడానికి అరగంట చాలు, అదీ కిడ్నీలు బాగుంటే. దాన్ని ఆపడానికి తర్వాతి ఏళ్ళలో ప్రొబెనెసిడ్ అనే ఇంకో మందు కనిపెట్టారు. కిడ్నీ పెన్సిలిన్‌ను బయటికి నెట్టకుండా అడ్డం పడడమే దాని పని. అంటే యాంటీబయాటిక్ కథలో మొదటి రోజు నుంచే రెండు ప్రశ్నలున్నాయి: ఎంత ఎక్కించాం, ఎంత నిలబడింది. మనం మొదటిది మాత్రమే అడుగుతాం.

ఇది మన వైపు వాళ్ళకు చెప్పడం తేలిక. కేసీ కెనాల్ కింద మడి ఉందనుకోండి. తూము తీసి ఒక గంట నీళ్ళు వదిలారు. మడిలో నీళ్ళు ఎంత ఎత్తు నిలబడతాయి? రెండు విషయాలు చూడాలి. మడి ఎంత పెద్దది? గట్టుకు గండి ఎంత ఉంది? మనిషి ఒళ్ళు మడి, కిడ్నీ గండి. యాభై కిలోల ముసలాయన, తొంభై కిలోల లారీ డ్రైవరు, ఇద్దరికీ ఒక గంట నీళ్ళే వదిలితే ఎత్తు ఒకటిగా ఎట్లా ఉంటుంది? పైగా ఒంటికి విషం ఎక్కినప్పుడు, అదే సెప్సిస్ అంటారు చూడండి, రక్తనాళాలు కారిపోయి నీరు ఒళ్ళంతా చేరుతుంది, దానికి తోడు సెలైన్ బాటిళ్ళు ఎక్కిస్తారు. అప్పుడు మడే పెద్దదైపోతుంది, మందు పల్చబడుతుంది. అదే రోగికి నాలుగు రోజుల తర్వాత కిడ్నీ దెబ్బతింటే గండి పూడిపోతుంది, మందు పేరుకుపోతుంది. ఒకే మనిషిలో సోమవారం ఒక లెక్క, శుక్రవారం ఇంకో లెక్క.

పంట కూడా ముఖ్యం. వరికి ఎప్పుడూ నీళ్ళు నిలబడి ఉండాలి. శనగకు అట్లా కాదు, ఒక్క మంచి తడి పడితే చాలు. యాంటీబయాటిక్స్‌లోనూ ఇట్లా రెండు జాతులున్నాయి. 1940ల చివర్లో, 1950ల్లో హ్యారీ ఈగిల్ అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకల మీద, కుందేళ్ళ మీద పరీక్షలు చేసి, పెన్సిలిన్ ఎంత ఎత్తుకు వెళ్ళిందన్నది కాదు, సూక్ష్మజీవిని చంపేంత మట్టంలో ఎంతసేపు నిలబడిందన్నది ముఖ్యమని చూపించాడు. అది వరి జాతి. ఇప్పుడు మన వార్డుల్లో వాడే సెఫ్ట్రియాక్సోన్, పిపెరాసిలిన్, మెరోపెనెం అన్నీ ఆ కుటుంబానివే. జెంటామైసిన్, అమికాసిన్ శనగ జాతి. వాటికి ఒక్కసారి మట్టం బాగా పైకి లేవాలి, తర్వాత పూర్తిగా ఇంకిపోవాలి. ఇంకకపోతే ఏమవుతుందో కాసేపట్లో చెబుతా.

మధ్యలో ఒక మాట. తెలుగువాళ్ళ యాంటీబయాటిక్ కథ అనగానే అందరూ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెబుతారు. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనకు పెద్దగా పనిచేశారు. ఆ ల్యాబులో 1948లో ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. మట్టిలోంచి దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్ అనే ఆయన, నడిపించినది సుబ్బారావు గారు. వాట్సాప్ ఫార్వర్డుల్లో అన్నీ ఆయనే కనిపెట్టినట్టు రాస్తారు. అంత అవసరం లేదు, ఉన్నదే చాలా గొప్పది. కానీ ఈరోజు మన విషయానికి అసలు మలుపు అమెరికాలో లేదు, మద్రాసులో ఉంది.

1953 అక్టోబర్ 1 దాకా మన నంద్యాల, ఆళ్ళగడ్డ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక అది మారింది. దాని తర్వాత మూడేళ్ళకు, 1956లో, మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి నలుగురూ కలిసి పెట్టారు. వాలెస్ ఫాక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు ముందుండి నడిపాడు. వాళ్ళు 1959లో ప్రకటించిన ఫలితం ప్రపంచాన్నే మార్చింది. శానటోరియంలో మంచం, మంచి తిండి, విశ్రాంతి ఉన్న టీబీ రోగులు, ఇరుకు ఇళ్ళల్లో ఉంటూ మందు వేసుకున్న పేద రోగులు, ఇద్దరూ దాదాపు ఒకేలా బాగయ్యారు. ఈ కథ కొందరికి తెలుసు. అదే కేంద్రం నుంచి వచ్చిన ఇంకో కథ చాలామందికి తెలియదు.

ఐసోనియాజిడ్ అనే టీబీ మందు ఉంది. అది బిళ్ళే, సెలైన్‌లో ఎక్కించేది కాదు, నిజమే. కానీ ఒకే మోతాదు ఇచ్చి, కొన్ని గంటలు ఆగి రక్తం తీసి చూస్తే, కొందరి రక్తంలో మందు బాగా మిగిలి ఉంది, కొందరిలో దాదాపు ఖాళీ. కారణం కిడ్నీ కాదు, కాలేయం. అందులో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమ్ కొందరిలో చురుకు, కొందరిలో నిదానం. అది పుట్టుకతో, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. పి.ఆర్.జె. గంగాధరం, ఆయన తోటివాళ్ళు మద్రాసు రోగుల మీద చేసిన పని 1961లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చింది. దక్షిణ భారతీయుల్లో సుమారు 60 శాతం నిదానం జాతి అని తేలింది. జపాన్‌లో అయితే తిరగబడుతుంది, అక్కడ పదిమందిలో తొమ్మిదిమంది చురుకు జాతి.

దీనివల్ల ఏమైంది? రోజూ మందు వేసుకుంటే ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాలేదు. కానీ రోగి రోజూ ఆసుపత్రికి రాలేడు కదా, వారానికి ఒక్కసారి ఇద్దామని ప్రయత్నించినప్పుడు, చురుకు జాతి వాళ్ళు బాగా వెనకబడ్డారు. వాళ్ళ రక్తంలో మందు వారమంతా నిలబడలేదు మరి. నిదానం జాతి వాళ్ళకు ఇంకో బాధ. మందు ఎక్కువసేపు ఉండిపోయి చేతులు, కాళ్ళు తిమ్మిర్లు, మంటలు. దానికి విరుగుడు బీ6 విటమిన్. ఈరోజు టీబీ మందుతో పాటు ఆ చిన్న విటమిన్ బిళ్ళ ఇస్తారంటే, దాని వెనక మద్రాసు పేద రోగుల రక్తం ఉంది. ఒక మనిషికి మందు పనిచేయకపోవడం అతని తలరాతా కాదు, పథ్యం తప్పడమూ కాదు, కొలిచి చూడగలిగిన సంగతి అని మన పక్క నగరంలోనే తేల్చారు. మన స్కూలు పుస్తకాల్లో దీనికి ఒక్క పేరా కూడా లేకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

అదే 1959లో అమెరికాలో ఇంకో ఘోరం బయటపడింది. టైఫాయిడ్‌కు వాడే క్లోరాంఫెనికాల్‌ను నెలలు నిండని పసిబిడ్డలకు ఇస్తే ఒళ్ళు బూడిద రంగుకు తిరిగి చనిపోయారు. పసిబిడ్డ కాలేయానికి దాన్ని కరిగించే శక్తి ఇంకా రాలేదు. మందు విషం కాదు, ఆ చిన్న ఒంట్లో దాని మట్టం విషం.

ఇప్పుడు జెంటామైసిన్. 1963లో దీని గురించి ప్రకటించారు. దీని అన్న స్ట్రెప్టోమైసిన్, తమ్ముడు అమికాసిన్ అనుకోండి. బలమైన మందులు, చవక. అందుకే పల్లెల్లో ఇవి బాగా నడిచాయి. మా చిన్నాయన సంగతి చెబుతా. ఎండాకాలం. మన నంద్యాల వైపు ఎండ సంగతి మీకు చెప్పాలా, 44, 45 డిగ్రీలు మామూలే. ఆయనకు మూత్రంలో మంట, చలిజ్వరం. ఊళ్ళో ఒకాయన రోజూ అమికాసిన్ సూది వేశాడు, పది రోజులకు పైగా. చిన్నాయన అప్పటికే వాంతులతో నీళ్ళు తాగడం మానేశాడు. కిడ్నీ పరీక్ష లేదు, బరువు చూసింది లేదు. జ్వరం పోయింది. కానీ చెవుల్లో జుయ్యిమని శబ్దం మొదలైంది. ఇప్పటికీ ఆయనతో గట్టిగా అరిచి మాట్లాడాలి. పండగలకు అందరం నవ్వుకుంటుంటే ఆయన మా మొహాలు చూసి, మేం నవ్వాం కాబట్టి తనూ నవ్వుతాడు.

ఈ జాతి మందులు మట్టం దిగకుండా పేరుకుంటే కిడ్నీని, లోపలి చెవిని దెబ్బతీస్తాయి. కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. చెవిలోని సన్నటి వెంట్రుకల కణాలు మళ్ళీ మొలవవు. ఇంకో సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. మట్టం సరిగ్గా ఉన్నా కొందరికి చెవులు పోతాయి. తల్లి వైపు నుంచి వచ్చే ఒక చిన్న జన్యు మార్పు దానికి కారణమని 1993లో కనిపెట్టారు. కాబట్టి మా చిన్నాయనకు సరిగ్గా ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు, ఎందుకంటే ఎవరూ ఏమీ కొలవలేదు.

కొలిచిన చోట ఏం కనబడిందో చూడండి. 1982లో అమెరికాలో జాస్కీ బృందం 1,640 మంది రోగుల లెక్క ప్రకటించింది. జెంటామైసిన్ రక్తంలో సగానికి తగ్గడానికి కొందరికి అరగంట కూడా పట్టలేదు. కొందరికి ఒక రోజు దాటింది. అదీ ఎవరిలో? రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్ అని వచ్చినవాళ్ళలోనే! రిపోర్టు మీద నార్మల్ అని రాసి ఉంటే మనం ఊపిరి పీల్చుకుంటాం కదా. క్రియాటినిన్ అనేది కండ నుంచి పుట్టేది. డెబ్బై ఏళ్ళ బక్కచిక్కిన రైతుకు కండే లేదు, కాబట్టి క్రియాటినిన్ తక్కువే పుడుతుంది. కిడ్నీ సగం పోయినా నంబరు మాత్రం నార్మల్ అని నవ్వుతుంది. అందుకే 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు కెనడా డాక్టర్లు 249 మందిని చూసి ఒక సూత్రం రాశారు. వయసు, బరువు, క్రియాటినిన్ మూడూ కలిపి కిడ్నీ వేగాన్ని అంచనా వేసే లెక్క అది. మీ ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు దానికి. ఇప్పటికీ మందుల డోసు సరిచేయడానికి అదే వాడతారు.

మందు మట్టాన్ని నేరుగా కొలవడం మొదట్లో పెద్ద తంతు. సూక్ష్మజీవులు పెంచిన పళ్ళెంలో రోగి రక్తరసం చుక్క వేసి, చుట్టూ ఎంత మేర అవి చచ్చాయో మర్నాడు స్కేలుతో కొలిచేవాళ్ళు. 1980ల మొదట్లో యంత్రాలొచ్చాక గంటలోపు జవాబు రావడం మొదలైంది. దాంతో డోసులు ఇచ్చే పద్ధతే మారింది. జెంటామైసిన్‌ను మూడు పూటలు కొంచెం కొంచెం వేసే బదులు రోజుకు ఒక్కసారి మొత్తం వేసేయడం వచ్చింది. 1995లో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి వాళ్ళు 2,184 మందికి అట్లా ఇచ్చి, కిడ్నీ దెబ్బ 1.2 శాతం మందికే కనబడిందని రాశారు. శనగకు ఒక్క తడి అన్నాం కదా, అదే. వాంకోమైసిన్ అయితే ఇంకా విచిత్రం. బోర్నియో మట్టిలోంచి వచ్చింది, 1958 నుంచి వాడుకలో ఉంది. మొదట్లో ఎంత మురికిగా ఉండేదంటే దాన్ని మిసిసిపీ బురద అని పిలిచేవాళ్ళు. దాని మట్టం ఎట్లా చూడాలన్న నియమాన్ని అమెరికా నిపుణులు 2009లో ఒక రకంగా రాసి, 2020లో మళ్ళీ మార్చారు. అరవై ఏళ్ళు వాడిన మందు సంగతే ఇది.

ఇంత తెలిశాక ఐసీయూల్లో అంతా సర్దుకుందా అంటే లేదు. 2014లో వచ్చిన డాలీ అనే అధ్యయనంలో 10 దేశాల్లోని 68 ఐసీయూల్లో ఒకేసారి రక్తం తీసి పెన్సిలిన్ కుటుంబం మందులు కొలిచారు. ఇన్‌ఫెక్షన్‌కు వైద్యం పొందుతున్నవాళ్ళలో 16 శాతం మందికి కనీస మట్టం కూడా అందలేదు. వాళ్ళు కోలుకునే అవకాశం కూడా తగ్గింది. ఇంకా ఆశ్చర్యం, ఎవరికి అందదో చూస్తే. కుర్రాళ్ళు! బైకు యాక్సిడెంటయి ఐసీయూలో పడిన పాతికేళ్ళ గట్టి మనిషికి, ఆ దెబ్బకు ఒళ్ళు చేసే పోరాటంలో కిడ్నీ మామూలు కంటే వేగంగా తిరుగుతుంది. మందును తోడి పారేస్తుంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, కడప మీదుగా పోయే మన 40వ నంబరు హైవే మీద రాత్రిపూట బైకు నడిపేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. కిడ్నీలు బాగుండడం కూడా ఒక్కోసారి సమస్యే.

మరి బాటిల్‌ను అరగంటలో కాకుండా రోజంతా చుక్కచుక్కగా ఎక్కిస్తే? వరి జాతి కదా, లెక్క ప్రకారం మంచిదే. బ్లింగ్ త్రీ అనే అధ్యయనం 7 దేశాల్లో 7,000 మందికి పైగా రోగుల మీద చేసి 2024లో ప్రకటించారు. 90 రోజుల్లో చనిపోయినవాళ్ళు రోజంతా ఎక్కించిన గుంపులో 24.9 శాతం, మామూలుగా విడతలుగా ఎక్కించిన గుంపులో 26.8 శాతం. తేడా ఉంది, కానీ అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పేంత లేదు. అప్పుడే పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్ళు లాభం ఉందన్నారు. నా అభిప్రాయం అడిగితే, లాభం ఉంది, చిన్నది. కానీ ఆ 7 దేశాల్లో మన దేశం లేదు. మన బక్క ఒళ్ళు, మన ఎండలు, మన మొండి సూక్ష్మజీవులు ఆ లెక్కలో లేవు.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. యాంటీబయాటిక్ మట్టం కొలిచే పరీక్ష మాత్రం ఇప్పటికీ పెద్ద నగరాల పెద్ద ఆసుపత్రుల వ్యవహారమే. యంత్రం కొనగానే అయిపోదు కూడా. సూది ఎన్ని గంటలకు వేశారు, రక్తం ఎన్ని గంటలకు తీశారు అని నిమిషాలతో రాయకపోతే వచ్చిన నంబరుకు అర్థమే లేదు. ఆ సమయం రాయడానికి యంత్రం అక్కర్లేదు, పెన్ను చాలు. ఇది నర్సులను తప్పుపట్టడం కాదు. ఒక్క సిస్టర్ అంతమంది రోగులను చూసుకుంటుంటే ఎనిమిదింటి సూది పదింటికి పడుతుంది, ఆమె మాత్రం ఏం చేస్తుంది.

కానీ పక్కన కూర్చున్న మనం ఏం చేస్తున్నాం? రీల్స్ చూస్తున్నాం. అదే ఫోన్‌లో సూది పడిన టైము రాసుకోవచ్చు. బెడ్డు మీద ఉన్నాయన బరువు ఎంతో అడ్మిషన్ అప్పుడే చెప్పచ్చు. అంచనాగా అరవై అని రాయించకుండా, లేవగలిగితే తూకం మీద నిలబెట్టమని అడగచ్చు. పాత కిడ్నీ రిపోర్టు, షుగరు, బీపీ బిళ్ళల ఫొటోలు, నొప్పి బిళ్ళలు ఎన్ని మింగినాడో, మూత్రం ఎంత పోతున్నాడో, ఇవన్నీ డాక్టరు అడగకముందే చెప్పచ్చు. అమికాసిన్, జెంటామైసిన్ నడుస్తున్నప్పుడు చెవిలో శబ్దం, కళ్ళు తిరగడం మొదలైతే ఆ రోజే చెప్పాలి, డిశ్చార్జి రోజు కాదు. మా కుటుంబంలో చెవుడు తల్లి వైపు నుంచి ఉందని తెలిస్తే, సూది పడకముందే చెప్పాలి. డోసు మార్చడం మాత్రం డాక్టరు పని. యూట్యూబ్‌లో చూశాను, డబుల్ వేయండి అని ఎవరితోనూ గొడవపడకండి, నా పేరు చెప్పి అసలు పడకండి.

మీ ఇళ్ళల్లో ఎవరికన్నా సూదుల తర్వాత చెవులు మందగించిన అనుభవం ఉంటే కామెంట్స్‌లో రాయండి. ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు వద్దు. ఏ మందు, ఎన్ని రోజులు, అప్పటికి వయసెంత, అది చాలు. వచ్చే ఎపిసోడ్‌లో కేసీ కెనాల్ అసలు కథ. పడవలకూ, సాగుకూ కలిపి తవ్విన కాలువ చివరికి సాగునీటి కాలువగానే ఎట్లా మిగిలిందో చూద్దాం. ఉంటాను మరి.